రెండో జెండా

ఓబులేసు ఆ రోజు చించింది జిరాక్సు కాపీ. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఆ హాల్లో కూర్చున్న నాలుగు వందల మందిలాగే మీరూ వాడికి చప్పట్లు కొట్టి మోసపోతారు.

బోర్లకు లెక్క పెట్టిన నీళ్ళ చట్టం వచ్చిన నాలుగో ఏడు. అనంతపురంలో వాళ్ళ ఇంజనీరింగు కాలేజీ వీడ్కోలు సభ. అతిథిగా వచ్చిన వృక్షశాస్త్రవేత్త వకుళ మేడం వేదిక ఎక్కి, "నాతో ఏడాదిన్నర నడవడానికి ఇద్దరు కావాలి. జీతం లేదు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరే తిండి పెడుతుంది. కాళ్ళకు చెప్పులుండవు," అంది. హాలంతా గొల్లుమంది. ఎండిపోయిన ఊళ్ళకు నీటి జాడ వెతికే పని అని ఆవిడ వివరించేసరికి నవ్వయితే ఆగింది గానీ, చెయ్యెత్తిన వాళ్ళు లేరు. అప్పుడు లేచాడు మన ఓబులేసు. సముద్రంలో చమురు తోడే కంపెనీ వాడికిచ్చిన ఉద్యోగం కాగితాన్ని జేబులోంచి తీసి, అందరూ చూస్తుండగా నాలుగు ముక్కలు చేశాడు. "జీతం కోసం ఎవడైనా బతుకుతాడప్పా. మనం నడుద్దాం పాండి!" అన్నాడు.

అన్న నిమిషంలో మాత్రం నిజంగా నమ్మే అన్నాడు. వచ్చిన చిక్కల్లా అదే. కాగితం మాత్రం చుట్టాలకూ స్నేహితులకూ చూపించుకోవడానికి జేబులో పెట్టుకు తిరిగే నకలు. ముద్ర కొట్టిన అసలు కాగితం హాస్టల్లో పెట్టె అడుగున భద్రంగా ఉంది. ఆ సాయంత్రమే కంపెనీకి ఉత్తరం రాశాడు, ఏడాదిన్నర గడువిస్తారా అని. ఇస్తామన్నారు. చేరే ముందు మళ్ళీ వైద్యపరీక్ష ఉంటుందనీ, కళ్ళు, చెవులు, గుండె, కాళ్ళూ చేతుల నరాలూ అన్నీ సరిగ్గా ఉండాలనీ కింద రాశారు.

ఇక రెండో మనిషి. వాడి వెనక వరసలో దిల్షాద్ కూర్చుని ఉంది. గుంతకల్లులో పరుపులు కుట్టే ఆయన కూతురు. వాళ్ళ ఇంట్లో నెలజీతం ఉద్యోగం అన్నది మొదట వచ్చింది ఆమెకే. నేల మీద పడిన కాగితం ముక్కల్ని చాలాసేపు చూసింది. తర్వాత తన సంచీలోంచి తన కాగితం తీసి చించేసింది. ఆమెది అసలు కాగితం. ఆ చిరిగిన చప్పుడు ఓబులేసుకు వినిపించింది. వినబడనట్టే ముందుకు చూస్తూ చప్పట్లు అందుకున్నాడు.

వకుళ మేడం పరిశోధనశాల అంటే గుత్తి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. "మిషన్లకు రాయి తెలుస్తుంది. రాతి పగుల్లో నీరు పారుతోందో లేదో తెలీదు. అది చెట్టు వేరుకు తెలుసు," అనేది ఆవిడ. వేరును అంటిపెట్టుకుని బతికే ఒక బూజును పట్టి, పన్నెండేళ్ళు దాంతో కుస్తీ పట్టి, సూదిమందు చేసింది. చీలమండ పక్కన వేసుకుంటే పది రోజుల పాటు మనిషి అరికాలు వేరులా పనిచేస్తుంది. ఎక్కడో ఆరేడు వందల అడుగుల లోతున పారే నీరు కాలికి తెలిసిపోతుంది. ఊరికే తెలియదు మరి. ఒక్కో సూదికీ పాదంలో కాస్త స్పర్శ చచ్చిపోతుంది, చచ్చింది తిరిగి రాదు. అందుకని మనిషికి పన్నెండు సూదులు మించకూడదని ఆవిడ వాళ్ళిద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

ఇంకొక నియమం కూడా పెట్టింది. ఒక్క కాలి మాట చెల్లదు. ఒకరు నడిచి తమకు తెలిసిన చోట గుర్తు రాసుకుని వస్తారు. ఆ తర్వాత రెండోవాళ్ళు నడుస్తారు. అప్పటిదాకా వాళ్ళు బడి గదిలో తలుపేసుకుని కూర్చోవాలి. ఇద్దరి గుర్తులూ ఒక అడుగు దూరంలో కలిస్తేనే రెండు జెండాలు పక్కపక్కన పాతాలి. కలవకపోతే మర్నాడు మళ్ళీ నడవాలి. రెండో జెండా పడితే గానీ బోరు బండి రాకూడదు.

మొదటి సూది రోజున ఇద్దరూ షెడ్డులో చెరో మూలా కూర్చున్నారు. ఎవరి మందు వాళ్ళే వేసుకోవాలి. ఓబులేసు గోడవైపు తిరిగాడు. సిరంజిలోకి మందు ఎక్కించాడు, కాలు మడిచాడు. కంపెనీ ఉత్తరంలో కింద రాసిన మాట గుర్తొచ్చింది. ఈసారికి వద్దులే, పైసారి వేసుకుందాం అనుకున్నాడు. మందంతా దూదిలోకి వదిలి, దూదిని జేబులో కుక్కుకున్నాడు. పైసారీ అదే అనుకున్నాడు. ఇలాంటి పనులకు పైసారి అనేది ఎన్నడూ రాదు, ఆ సంగతి వాడికీ తెలుసు.

మరి నీళ్ళెలా కనిపెట్టేవాడు? దిల్షాద్ కాలిముద్రల్ని బట్టి. నీరు తగిలిన చోట ఆమె కాలివేళ్ళు వాటంతటవే మట్టిని కరిచి పట్టుకునేవి. ఆ ముద్ర దగ్గర వేళ్ళ గుంటలు లోతుగా పడేవి. అది ఓబులేసు కనిపెట్టాడు. తాను ముందు నడవాల్సిన వంతు వస్తే వాళ్ళ తాత చెప్పిన పాత లెక్కలు వాడేవాడు, పుట్ట ఎటు వాలింది, ఏ పొద ఎండలో కూడా పచ్చగా ఉంది అని. తానూ అక్కడ వేళ్ళు తొక్కిపెట్టి గుంటలు చేసేవాడు. గుర్తులు కలిసేవి కావు. మర్నాడు ఆమె వెనకే నడిచి కలిపేసేవాడు. "నిన్న కొంచెం తడబడ్డాలే," అనేవాడు.

"నీకెట్లుంటాది ఓబులేసూ? నాకైతే అరికాలి కింద చీమలబారు పోతాండేట్లు ఉంటాది," అంది దిల్షాద్ ఒకసారి.

"నాకూ అంతే," అన్నాడు వాడు. తర్వాత కాలేజీల్లో మాట్లాడమని పిలిచినప్పుడల్లా ఆ చీమలబారునే చెప్పేవాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. "సుఖం వెతుక్కుంటూ పోతే ఈ నేల మీకెట్లా తెలుస్తాది?" అని కూడా అనేవాడు. అన్నాక రెండు మూడు రోజులు అన్నం సయించేది కాదు. అయినా మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్ళేవాడు, ఏం చేస్తాం!

ఏడాదిలో పదకొండు ఊళ్ళకు నీళ్ళు పడ్డాయి. చివరి రెండు ఊళ్ళలో ఒక వింత జరిగింది. ఓబులేసు ముందు నడిచి ఊహించిన చోటే దిల్షాద్ కూడా మొదటిసారే గుర్తు పెట్టింది. నీళ్ళు కూడా పడ్డాయి, సన్నగానే అయినా పడ్డాయి. మా తాత రక్తం ఊరికే పోతుందా అని వాడు లోపల మురిసిపోయాడు. సూది వేసుకోకుండానే నాకు తెలుస్తోంది కదా, ఇంక తప్పేముంది అనుకున్నాడు. సిగ్గు అప్పటికి కాస్త సర్దుకుని నిద్రపోయింది.

పన్నెండో ఊరు కొక్కరాయిపల్లి. నాలుగు రోజులకోసారి ట్యాంకరు వస్తేనే అక్కడ పొయ్యి వెలిగేది. చట్టం ప్రకారం ఏ ఊరికైనా ఏడాదికి రెండే బోర్లు. ఆ రెండూ ఎండితే ఊరు ఎత్తివేత జాబితాలోకి ఎక్కుతుంది. జనాన్ని లారీల్లో ఎక్కించి పట్నం అంచున కట్టిన రేకుల ఇళ్ళలో దింపుతారు. అంత కరువులోనూ ఆ ఊరు వీళ్ళిద్దరికీ ఇంటికొక పూట వంతు వేసుకుని అన్నం పెట్టింది. సర్పంచి సంజమ్మకు అరవై దాటాయి. మొదటి వంతు ఆమెదే. సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి వడ్డిస్తూ, "కాళ్ళు కొట్టుకుని మాకోసరం తిరుగుతాండారు, మీ కడుపు చల్లగుండ," అంది. ముద్ద ఓబులేసు గొంతులో అడ్డం పడింది. నీళ్ళు అడగడానికి నోరు రాలేదు.

ఆ ఊళ్ళో ముందు నడిచే వంతు వాడిది. తూర్పు చేలో ఒక పుట్ట చూసుకుని, పక్కన వేళ్ళు తొక్కిపెట్టి వచ్చాడు. దిల్షాద్ నడిచి వచ్చి సరిగ్గా అక్కడే గుర్తు చెప్పింది. రెండు జెండాలూ లేచాయి. పిల్లలు కేకలు పెట్టారు.

బోరు బండి పొద్దున ఆరింటికి మొదలెట్టింది. మూడు వందల అడుగులకు ఎర్రదుమ్ము. ఆరు వందలకు తెల్లదుమ్ము. తొమ్మిది వందల దగ్గర కూడా తడి తగల్లేదు. బండివాడు మిషన్ ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా గొట్టాలు పైకి లాగడం మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది. ఒక్కరూ ఏడవలేదు. అది ఓబులేసుకు ఇంకా కష్టంగా ఉంది.

అప్పుడు మాంసం కాలిన వాసన వచ్చింది.

"అమ్మో, కాలు! పాపా, నీ కాలు!" అని సంజమ్మ అరిచింది. బండివాళ్ళు అప్పుడే కోసి పడేసిన ఇనుప గొట్టం ముక్క మీద దిల్షాద్ నిలబడి ఉంది. ముక్క ఇంకా ఎర్రగా ఉంది. ఆమె బోరు గుంత వైపే చూస్తోంది. ఇద్దరు ఆడవాళ్ళు రెక్క పట్టి లాగితే గానీ కదల్లేదు. కింద చూసుకుని, కాలిన తన అరికాలిని ఎవరిదో చూసినట్టు చూసింది.

ఇంక దాచడానికి లేకపోయింది. నేల మీద కూలబడి చెప్పింది. "నా కాళ్ళు చచ్చిపోయి మూడు నెల్లయింది పెద్దమ్మా. పన్నెండు సూదులకు ఆపాల్సింది. పంతొమ్మిది వేసుకున్యా. ఓబులేసుకు అంతలోనే తెలిసిపోతాండె, నాకేమో రోజురోజుకూ తగ్గిపోతాండె. నాలోనే ఏదో లోపం ఉండాది, నావల్ల పని ఆగిపోతాదని సిగ్గయి, మేడానికి తెలీకుండా షెడ్డులో మిగిలిన మందు కూడా తీసి వేసుకున్యా. ఈ మధ్య నాకేమీ తెలీడం లేదు. ఓబులేసు కాలివేళ్ళ గుంటలు చూసి అదే చోటు చెప్తాండా. తప్పంతా నాదే. వాన్ని ఏమీ అనొద్దండి."

ఓబులేసుకు అప్పుడు అర్థమైంది. ఆమె తన ముద్రలు చూసి నడిచింది, తాను ఆమె ముద్రలు చూసి నడిచాడు. మూడు నెలలుగా ఆ నేలను ఎవరూ వినలేదు. తన దొంగ గుంటలు చూసి తానే తక్కువదాన్నని కుమిలిపోయి ఆ పిల్ల ఏడు సూదులు ఎక్కువ పొడుచుకుంది. నోరు తెరవాలి, ఇప్పుడే తెరవాలి అనుకున్నాడు. తెరవలేదు.

సంజమ్మ దిల్షాద్ కాలికి కలబంద గుజ్జు పూస్తూ వాడి వైపు తిరిగింది. "పోనీలే నాయనా. మనిషన్నాక ఒకసారి తప్పుతాది. పాప కాలు బాగుంటే నీ తప్పు దొరికిపోయుండేది. ఇంకొక బోరుంది గదా, నువ్వే రేపు ఇంకోసారి నడువు. నీ కాలు మంచిది. పదకొండు ఊళ్ళు బతికించినావు," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఔనౌనన్నారు. ఒక ముసలాయన వంగి వాడి పాదాలు ముట్టుకోబోయాడు.

అది వాడికి పట్టరానిదైపోయింది. రెండడుగులు వెనక్కి దూకాడు. "ముట్టుకోవద్దు తాతా! ఈ కాళ్ళలో ఏం లేదు! నేను ఒక్క సూది గూడా వేసుకోలేదు!"

తర్వాత మాటలు వాంతి అయినట్టు వచ్చేశాయి. దూది, పుట్టలు, గుంటలు, కంపెనీ, నరాల పరీక్ష. తొమ్మిది ఊళ్ళు బతికింది దిల్షాద్ కాళ్ళ మీద, మిగతా రెండూ గుడ్డి అదృష్టం మీద అని చెప్పాడు. చెప్పేది ఊరివాళ్ళకే గానీ చూపు మాత్రం దిల్షాద్ మీదే ఉంది. చివరికి హాల్లో చించిన కాగితం గురించీ చెప్పాడు.

ఒక మొగాయన పంచె ఎగ్గట్టి చెయ్యి లేపాడు. "కొడితే నీళ్ళొస్తాయేమిరా?" అని సంజమ్మ ఆపింది.

దిల్షాద్ అన్నీ విని ఒకటే అడిగింది. "జిరాక్సా?"

వాడు తలూపాడు.

"నేను చించింది ఒరిజినల్ రా," అంది. తిట్టినా బాగుండేది. తన కాలి వైపు చూసుకుని, "మా నాయనకు అది చదవడం రాదు. అయినా దాన్ని పటం కట్టించాలనుకున్నాడు. నిన్ను చూసి చించితిని," అంది. ఆ తర్వాత వాడి వైపు తిరగలేదు.

పరిగెత్తి పారిపోదామంటే ఊరి నుంచి బస్సు లేదు. బడి వరండాలో గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది. మెట్ల దగ్గర గిన్నె చప్పుడైంది. చూస్తే పొద్దున తనను కొట్టబోయిన మొగాయన భార్య. సంగటి గిన్నె ముందు పెట్టింది.

"నాకెందుకక్కా?" అన్నాడు.

"ఈ పొద్దు మా వంతు," అంది ఆమె. మొహంలో కోపం అలాగే ఉంది. "ఊళ్ళో పెద్దమనుషుల కాడ ఒప్పుకున్న వంతు. నువ్వు మంచోడివైనా కాకపోయినా వంతు వంతే. తిను."

ఓబులేసు తిన్నాడు. తింటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు వాడు పడలేదు. దెబ్బలు తిని ఉంటే ఎక్కడో లెక్క సరిపోయిందనిపించేదేమో. ఈ ముద్దకు సరిపోయేది తన దగ్గర ఏమీ లేదు.

సాయంత్రానికి వకుళ మేడం జీపులో వచ్చింది. దిల్షాద్ పాదాలు ఒళ్ళో పెట్టుకుని సూదితో గుచ్చి చూసింది. మడమ దాకా ఎక్కడా ఉలుకు లేదు. "పదకొండు ఊళ్ళలో నీళ్ళు పడ్డాయన్న సంబరంలో ఒక్కసారి, ఒక్కసారి కూడా మీ కాళ్ళు పట్టుకుని చూళ్ళేదు నేను," అని తల కొట్టుకుంది. దిల్షాద్ ఇంక సూది ముట్టకూడదంది, కార్యక్రమం ఆపేస్తున్నానంది.

"ఒక్క మందు మిగిలి ఉంది మేడం," అన్నాడు ఓబులేసు గుమ్మంలో నిలబడి. "నాకు వేయండి. మీ చేత్తో వేయండి. నన్ను నమ్మి నా చేతికివ్వొద్దు."

ఆవిడ సిరంజి తీసింది. కాలు చాపమంది. వేసింది.

మర్నాడు పొద్దున చేలోకి దిగాడు. చీమలబారు కోసం ఎదురుచూశాడు, రాలేదు. వచ్చింది దాహం. గొంతులో కాదు, అరికాళ్ళలో. నేల మీద కాలు పెట్టిన ప్రతిచోటా పాదాలకు దాహం వేసింది, పుండు మీద ఉప్పు చల్లినట్టు మండింది. ఏడుపొచ్చేంత దాహం. ఈ నేల ఇన్నేళ్ళుగా ఇట్లా ఉందా అనిపించింది. ఇంత పెద్ద సంగతి తన కాళ్ళ కిందే ఉంటే, ఏడాది పాటు పెళ్ళికెళ్ళి, పెళ్ళి చూడకుండా భోజనం చేసి వచ్చేసినవాడిలా తిరిగాడు. కాలేజీ పిల్లలకు చెప్పిన మాటలు గుర్తొచ్చి ఒంటరిగా ఆ చేలో నిలబడి చెవులు మూసుకున్నాడు.

మూడు రోజులు నడిచాడు. పుట్టల వైపు చూడకూడదని చూపు ఆకాశం మీద పెట్టుకుని నడిచాడు. మూడో రోజు పడమటి దిబ్బ మీద, గొర్రెలు కూడా ఎక్కని రాతిగుండు పక్కన దాహం తీరిపోయింది. అడుగు పక్కకు వేస్తే మళ్ళీ మండింది. వెనక్కి వేస్తే మళ్ళీ తీరింది. అక్కడే కూలబడి, జెండా పాతాడు.

దిల్షాద్ కట్టు కట్టిన కాలితో కర్ర ఊతగా ఎక్కి వచ్చింది. ఊరు కూడా వెంట వచ్చింది.

"ఎట్లుండె?" అని అడిగింది. నాలుగు రోజుల్లో వాడితో మాట్లాడిన మొదటి మాట.

"చీమలు కాదు. దాహం. కాళ్ళకు దాహమేసింది. ఇక్కడ తీరింది."

ఆమె వాడి మొహంలోకి చూసింది. కట్టు లేని కాలిని రాతి పక్కన ఆనించి కళ్ళు మూసుకుంది. ఆమె కళ్ళు తెరిచి, రెండో జెండాను సంజమ్మ చేతికి తిరిగి ఇచ్చేసింది.

"నాకేమీ తెలీలేదు పెద్దమ్మా. వాడు ఈసారి నిజమే చెప్తాండాడని నా మనసుకు తోస్తాంది. కానీ మనసుకు తోస్తే జెండా పాతరు. కాలికి తెలిస్తేనే పాతాల. ఒకసారి తప్పుచేస్తిని, రెండోసారి చెయ్యను."

ఉన్నది ఒక్క బోరు. పాతింది ఒక్క జెండా. అది కూడా అబద్ధాలకోరు జెండా. గొడవ మొదలైంది, ఒకరు వద్దంటే ఒకరు ఇంకేం దారి ఉందన్నారు. సంజమ్మ రాతిగుండు మీద కూర్చుని అందర్నీ అరవనిచ్చింది. అరిచి అలిసిపోయాక అంది, "వాడు దొంగే. కాదనను. కానీ ఆ పొద్దు నేనే వాన్ని ఇంకోసారి నడవమంటిని. నోరు మూసుకుని ఇంకో పుట్ట చూపించి కంపెనీకి పోయుంటే మనకు తెలిసేదే కాదు. తవ్వండి. ఏమైనా నా మీద ఉండనీ."

ఆరు వందల ఇరవై అడుగుల దగ్గర దుమ్ము రంగు మారింది. ముందు బురద ఎగిరింది. తర్వాత పంపు గొట్టమంత లావున నీళ్ళు ఆకాశానికి లేచి జనం మీద పడ్డాయి. ముసలివాళ్ళు పిల్లలైపోయారు. వద్దంటున్నా పిల్లలు ఓబులేసును నీళ్ళలోకి లాగారు. వాడు విడిపించుకుని బండి వెనక్కి పోయి నిలబడ్డాడు. సంతోషపడే హక్కు తనకు లేదనుకున్నాడు, అయినా సంతోషమైంది, దానికి మళ్ళీ సిగ్గుపడ్డాడు.

కొత్త నీళ్ళు పడితే మొదటి బిందె నీళ్ళు జాడ చెప్పినవాళ్ళ పాదాల మీద పోయడం ఆ ఊరి ఆనవాయితీ. సంజమ్మ బిందె నింపుకుని తిన్నగా దిల్షాద్ దగ్గరికి వెళ్ళింది. ఆమెను రాయి మీద కూర్చోబెట్టి కట్టు విప్పింది. ఆ తొమ్మిది ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెబుతూ ఆ పాదాల మీద నీళ్ళు ధార కట్టి పోసింది. ఆడవాళ్ళు దండం పెట్టారు. దిల్షాద్ తన కాళ్ళ మీదుగా పారుతున్న నీళ్ళను వంగి చూస్తోంది. తల ఎత్తి ఎవరికోసమో వెతికింది. బండి వెనకున్న ఓబులేసు కనబడ్డాడు. రమ్మని చెయ్యి ఊపింది.

వచ్చాడు. పారివచ్చిన నీళ్ళు వాడి అరికాళ్ళను తడిపాయి.

"చల్లగా ఉండాయా?" అని అడిగింది.

ఊరంతా వింటోంది. అవునంటే ఆమె మొహం వికసించేది. ఆమె కోరింది ఆ ఒక్క మాటే.

"లేదు దిల్షాదూ," అన్నాడు ఓబులేసు. "చల్లగా లేవు. లోతు నీళ్ళు గదా, గోరువెచ్చగా ఉండాయి."